పాఠములోని కాలమైటిస్ చెట్టు: ఒక విమర్శ

వృక్షశాస్త్రము కొంచెమైనా చదివిన వారందరికి ఒక బొమ్మ జ్ఞాపకముండును. చిత్తడి నేల, నిలిచిన నీరు, మబ్బు కమ్మిన ఆకాశము. నీటి అంచున వెదురు బొంగులవలె కణుపులు కణుపులుగా ఎదిగిన చెట్లు. వాటి మ్రానులకు పొడవునా గాడులు తీర్చినట్లుండును. కణుపు కణుపునకు చుట్టూ గొడుగు కమ్మలవలె కొమ్మలు. అడుగున 'కాలమైటిస్' అని పేరు. ప్రక్కన, రాక్షసిబొగ్గు ఇట్టి అడవులనుండి ఏర్పడినదని ఒక వాక్యము. పరీక్షలో ప్రశ్న కూడ తరచుగా దీనిని అనుసరించియే వచ్చును: పటము గీచి భాగములను గుర్తింపుము.

ఈ బొమ్మను పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. దానిని గీచిన వారిని నిందించుట కాదు. అదృశ్యమైన లోకమును కండ్లకు కట్టించుటకు బొమ్మను మించిన సాధనము లేదు. 1851లో ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రాంజ్ ఉంగర్, జోసెఫ్ కువాసెగ్ అను చిత్రకారునిచేత భూమియొక్క ప్రాచీన యుగముల దృశ్యములను గీయించి ప్రకటించినాడు. వియన్నాలో గ్రెగర్ మెండల్‌కు వృక్షశాస్త్రము బోధించిన ఉంగర్ ఈయనే. నాటినుండి ఈ సంప్రదాయము ఎడతెగక సాగుచున్నది. ఐతే బొమ్మలో ఒక ప్రమాదమున్నది. వ్రాతలో 'బహుశా' అని ఒక మాట చేర్చవచ్చును. గీతలో 'బహుశా' అని చెప్పుట చాల కష్టము. తెలిసినదియు, ఊహించినదియు ఒకే నల్లని గీతతో గీయబడును. విద్యార్థి ఆ రెంటిని వేరుచేయలేడు.

ముందుగా బ్రతికి ఉన్న చుట్టమును చూతము. గుర్రపుతోక మొక్క అనబడు ఈక్విసిటమ్ నేటికిని ప్రపంచమున సుమారు 15 నుండి 20 జాతులుగా మిగిలి ఉన్నది. మన దేశములో హిమాలయ ప్రాంతములందును, కొన్ని నదీతీరముల తడి ఇసుకలోను పెరుగును. కాండము ఆకుపచ్చగా, లోపల బోలుగా ఉండును. ఆకులు చిన్న పొలుసులై, అంచులు కలిసి, ప్రతి కణుపుచుట్టూ పండ్లున్న పట్టీవలె అమరియుండును. ఆహారము తయారుచేయు పని కాండమే చేసికొనును. దాని పైపొరలో సిలికా ఉండుటచేత గరుకుగా నుండును. ఐరోపాలో పూర్వము ఈ కాడలతో పాత్రలు తోముకొనెడివారు. కాండము కొనను శంకువు ఏర్పడి, అందులో సిద్ధబీజములు పుట్టును. నేలలోపల ప్రాకు కొమ్మునుండి క్రొత్త కాడలు పైకి లేచును. ఈ మొక్క సామాన్యముగా మోకాటి ఎత్తునో, నడుము ఎత్తునో ఉండును. దక్షిణ అమెరికాలోని కొన్ని జాతులు మాత్రము మనిషిని మించి ఎదుగును.

కాలమైటిస్ ఈ వర్గమునకు చెందిన వృక్షము. సుమారు 36 కోట్ల సంవత్సరముల క్రిందట మొదలై 30 కోట్ల సంవత్సరముల క్రిందట ముగిసిన కార్బోనిఫెరస్ యుగమున ఐరోపా, ఉత్తర అమెరికా ప్రాంతములలో విస్తారముగా పెరిగినది. 10 మొదలు 20 మీటర్ల ఎత్తువరకు ఎదిగినదని అంచనా. గ్రీకు భాషలో 'కలమోస్' అనగా రెల్లు. మనము వ్రాసికొను కలమునకు కూడ ఆ మాటతో చుట్టరికమున్నది. 1784లో సుక్కో అను జర్మను పండితుడు ఈ పేరు వాడినాడు.

ఇక బొమ్మలోని మొదటి లోపమునకు వత్తము. మ్రానుపై గాడులు ఎక్కడనుండి వచ్చినవి?

మ్యూజియములలో కాలమైటిస్ అని చూపు రాతికాడలపై నిలువు గాడులు, గట్లు చక్కగా కనబడును. కణుపువద్ద క్రింది గట్లు, పై గట్లు ఒకదానికొకటి సూటిగా కలియక, తప్పుకొని అమరియుండును. చూచినవారికి అది చెట్టు బెరడేనని తోచును. కాని అది బెరడు కాదు, కట్టె కూడ కాదు. చెట్టు నడుమ ఉండిన దవ్వ కరిగి బోలు ఏర్పడగా, ఆ బోలులో నిండిన బురదయో ఇసుకయో గట్టిపడి రాయి ఐనది. చుట్టూ ఉన్న కట్టె కుళ్లిపోయినది, లేదా నలిగి బొగ్గుపొరగా మిగిలినది. అనగా మన చేతికి వచ్చినది చెట్టు లోపలి ఖాళీయొక్క అచ్చు. కాండములోని నాళికాపుంజములు బోలులోనికి కొంచెము ముందుకు పొడుచుకొని ఉండుటచేత, అవి ఉన్నచోట అచ్చుపై గాడి పడినది. వాటి నడుమ సందులున్నచోట గట్టు లేచినది.

తరగతిలో దీనిని చూపుట సులభము. ఒక బొప్పాయి ఆకు కాడను తెచ్చి, లోపల మెత్తని బంకమట్టిని కూరి, ఆరిన పిదప కాడను చీల్చి తీయవలెను. చేతికి వచ్చిన మట్టికడ్డీ కాడ పైభాగమును పోలియుండదు, లోగోడను పోలియుండును. దాని లావు కూడ కాడ లావు కాదు. ఆ కడ్డీని చూచి బొప్పాయి కాడను గీయుమన్నచో విద్యార్థి ఏమి గీయునో, మన పుస్తకములలో కాలమైటిస్ మ్రాను అట్లే గీయబడినది. నిజమైన మ్రాను పైభాగము ఇంచుమించు నున్నగా ఉండెడిదనియు, అచ్చుకంటె చాల లావుగా ఉండెడిదనియు, కట్టెతో సహా రాయిగా మారిన నమూనాలవలన తెలియుచున్నది.

ఈ పొరపాటు ఇంతకాలము నిలుచుటకు ఒక కారణము కనబడుచున్నది. ఈక్విసిటమ్ కాడపై నిజముగానే గాడులున్నవి. అవి పైపొరకు చెందినవే. గాడుల రాయి ఒక చేతను, గాడుల మొక్క ఒక చేతను పట్టుకొన్న చిత్రకారుడు, రెండును ఒకే విధమైనవనుకొని చిన్నదానిని పెద్దది చేసి గీచినాడు. పోలిక కంటికి నచ్చినంత మాత్రమున అది నిజమగునని చెప్పరాదు.

రెండవ లోపము ఇంతకంటె సూక్ష్మమైనది. బొమ్మలో మనకు వేరు మొదలు శంకువు వరకు ఒక పూర్తి చెట్టు కనబడును. అట్టి పూర్తి చెట్టు రాతిలో దొరకుట మిక్కిలి అరుదు. శిలలలో ఆకులు ఒకచోట, శంకువులు ఒకచోట, వేళ్లు ఒకచోట దొరకినవి. ఏది దేనిదో తెలియని కాలమున ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క పేరు పెట్టినారు. నక్షత్రమువలె చుట్టూ పరచుకొన్న ఆకుల వలయము అన్యులేరియా, సన్నని సూదులవంటి ఆకులది ఆస్టెరోఫిల్లైటిస్, శంకువు కాలమోస్టేకిస్, రాయిగా మారిన కట్టె ఆర్త్రోపిటిస్, వేరు ఆస్ట్రోమైలాన్. ఇవన్నియు వేరువేరు మొక్కలు కావు. ఒకే వర్గపు చెట్ల అవయవములు. విద్యార్థులు ఈ పేర్లను వల్లెవేసి, అన్నియు వేరువేరు చెట్లనుకొనుట నేను పలుమారు చూచితిని. తప్పు వారిది కాదు. ఇవి అవయవముల పేర్లని ఒక వాక్యము వ్రాసియున్నచో సరిపోయెడిది.

ఈ ముక్కలను కలుపుట ఎంత కష్టమో తెలిపెడి వివాదము ఒకటి చరిత్రలో ఉన్నది. శిలాజ వృక్షశాస్త్రమునకు పునాది వేసిన ఫ్రెంచి పండితుడు అడోల్ఫ్ బ్రాన్యార్, కట్టె దళసరిగా ఉన్న శిలాజములు కాలమైటిస్ వర్గమునకు చెందవనియు, అవి వివృతబీజములనియు భావించినాడు. సిద్ధబీజములతో వ్యాపించు మొక్కలలో ద్వితీయ వృద్ధి జరిగి కట్టె లావెక్కుట అసంభవమని నాటి నమ్మకము. నేటి ఈక్విసిటమును చూచినచో ఆ నమ్మకము సహేతుకమే అనిపించును. మాంచెస్టరు నగరమున విలియమ్ విలియమ్సన్ దీనిని ఒప్పుకొనలేదు. బొగ్గు పొరల నడుమ దొరకు సున్నపు ముద్దలలో మొక్కల కణజాలము చెడకుండ నిలిచియుండును. ఆ ముద్దలను పలుచని బిళ్లలుగా కోసి, అరగదీసి, సూక్ష్మదర్శినిలో చూచి, లేత కాండము మొదలు ముదురు కాండమువరకు వరుసగా పోల్చినాడు. దళసరి కట్టె గలదియు, లేనిదియు ఒకే మొక్కయొక్క వేరువేరు వయస్సులని 1871లో ప్రకటించిన వ్యాసమున వాదించినాడు. ఫ్రాన్సులో చాలకాలము ఎదురువాదము సాగినను, చివరకు విలియమ్సన్ మాటయే నిలిచినది. ఒక తరము పండితులు ఇంత శ్రమపడి తేల్చిన విషయము మన బొమ్మలో 'కాండము' అను ఒక్క బాణపు గుర్తుగా మిగిలినది.

అంతటితో కథ ముగియలేదు. జర్మనీలోని కెమ్నిట్స్ పట్టణము క్రింద, సుమారు 29 కోట్ల సంవత్సరముల క్రిందట అగ్నిపర్వతపు బూడిద కప్పివేసిన ఒక అడవి ఉన్నది. 2008లో ఆరంభమైన శాస్త్రీయమైన త్రవ్వకములలో అక్కడ కాలమైటిస్ వర్గపు చెట్లు నాటుకొన్నచోటనే, కట్టెతోను కొమ్మలతోను బయటపడినవి. వాటిలో కొన్ని, పుస్తకములలో చెప్పినట్లు, నేలలో ప్రాకు కొమ్మునుండి లేచినవి కావు. మ్రాను అడుగుననుండియే అనేకమైన వేళ్లు దిగి, ఒంటరిగా నిలిచిన చెట్లు అవి. అనగా ఈ వర్గములో అన్నియు ఒకే పోతపోసినట్లు పెరుగలేదు. మన బొమ్మ ఒక జాతికి సరిపోవచ్చును. వర్గమంతటికిని ప్రతినిధి కాజాలదు.

మూడవ లోపము చెట్టు నిలిచిన చోటునకు సంబంధించినది. బొమ్మలో అది కదలని నీటి నడుమ నిలిచియుండును. కాలమైటిస్ అచ్చులు ఎక్కువగా దొరకునది నదుల గట్లలోను, చెరువుల అంచులలోను పేరుకొన్న ఇసుక, ఒండ్రు పొరలలో. నిలువుగా పూడిపోయిన కాండములను గమనించినచో, వరద వచ్చి మట్టి వేసినపుడెల్ల పూడిన కణుపులనుండి క్రొత్త వేళ్లును, క్రొత్త కాండములును పుట్టినట్లు కనబడును. మాటిమాటికి పూడిపోవు నేలలో బ్రతుకగలుగుటయే ఈ చెట్టు ప్రత్యేకత. ఐరోపా, అమెరికాలలోని కార్బోనిఫెరస్ బొగ్గులో సైతము ఎక్కువ భాగము దీనిది కాదు. లెపిడోడెండ్రాన్ వంటి ఇతర వృక్షములది. కాబట్టి కాలమైటిస్ అడవులే బొగ్గైనవని వ్రాయుట ఆ దేశముల విషయమున కూడ సరికాదు.

ఇప్పుడు నాలుగవ లోపము. మన ఉపాధ్యాయులు ముఖ్యముగా గమనింపవలసినది ఇదియే. ఆ బొమ్మ ప్రక్కన 'మన బొగ్గు' అను అర్థము వచ్చు మాట ఉన్నచో అది పూర్తిగా పొరపాటు.

మన గోదావరి లోయలోని బొగ్గు సంగతి చూడుడు. 1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణకు చెందిన విలియమ్ కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొన్నాడు. 1889లో అక్కడ త్రవ్వకము మొదలైనది. సింగరేణి గనులకు అదియే ఆరంభము. ఈ బొగ్గు కార్బోనిఫెరస్ యుగపుది కాదు. దాని తరువాతిదైన పెర్మియన్ యుగపుది. ఆ కాలమున మన భూభాగము దక్షిణ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి ఒక మహాఖండముగా భూమధ్యరేఖకు చాల దక్షిణముగా ఉండెను. గోండుల సీమ పేరున దానికి గోండ్వానా అని పేరు వచ్చినది. బొగ్గు పొరలకు అడుగున హిమానీనదములు మోసికొనివచ్చిన గుండ్రాళ్ల పొరలు కనబడుటచేత, మంచు కరిగిన పిదప ఈ అడవులు పెరిగినవని తెలియుచున్నది. ఐరోపా బొగ్గు అడవులు భూమధ్యరేఖ దాపున, చలికాలమెరుగని వాతావరణమున పెరిగినవి. మన అడవులు ఋతువులు మారు చల్లని దేశమున పెరిగినవి. ఇక్కడి శిలాజపు కట్టెలో సాంవత్సరిక వలయములు స్పష్టముగా ఉన్నవి.

ఆ అడవులలో ప్రధానమైన చెట్టు గ్లాసాప్టెరిస్. దాని ఆకు నాలుకవలె ఉండును. నడిఈనె, దాని ఇరుప్రక్కల వలవలె అల్లుకొన్న ఈనెలు కనబడును. 1828లో దీనికి ఆ పేరు పెట్టినవాడు కూడ బ్రాన్యారే. పేరులో ఫెర్ను అను అర్థమున్నను అది ఫెర్ను కాదు, విత్తనములు గల వృక్షము. కొత్తగూడెములోనో, రామగుండములోనో గని ప్రక్కన పడియున్న పలకరాతిని చీల్చిన బాలునికి ఈ నాలుక ఆకు ముద్ర కనబడవచ్చును. దానిని తరగతికి తెచ్చినచో, పుస్తకములో అటువంటిది లేదు కాబట్టి ఉపాధ్యాయుడు ప్రక్కన పెట్టవచ్చును. తన ఊరి రాయి అబద్ధము, పరదేశపు బొమ్మ నిజము అని ఆ బాలుడు నేర్చుకొనును. ఒక చెట్టు పేరు తప్పు చెప్పుటకంటె ఈ నష్టము చాల పెద్దది.

ఐతే గుర్రపుతోకల చుట్టములు మన గోండ్వానా శిలలలో లేవా? ఉన్నవి, వాటి రూపము వేరు. 1875 నుండి 1883 వరకు కలకత్తాలో భూవిజ్ఞాన సర్వేక్షణలో పనిచేసిన ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ 1876లో షైజోన్యూరా గోండ్వానెన్సిస్ అను మొక్కను వర్ణించినాడు. దాని కాండమునకు కణుపులు, గాడులు ఉన్నవి. కాని కణుపువద్ద ఆకులు సూదులవలె విడివిడిగా ఉండక, అంచులు కలిసిపోయి, కాండమునకు ఇరుప్రక్కల రెండు వెడల్పైన రెక్కలుగా నిలిచియుండును. ఇది మ్రానుగా ఎదిగిన మహావృక్షము కాదు. మరియొకటి ట్రైజైగియా. బెంగాలు బొగ్గు ప్రాంతపు శిలాజమును చూచి 1830ల దశాబ్దమున జాన్ ఫోర్బ్స్ రాయిల్ దానికి ఆ పేరు పెట్టినాడు. ప్రతి కణుపువద్ద ఆరు ఆకులు, మూడు జంటలుగా, జంట జంటకు పొడవు మారుచు అమరియుండును. మూడు కాడులు అని ఆ పేరునకు అర్థము. నేడు దీనిని స్ఫీనోఫిల్లమ్ వర్గమున చేర్చుచున్నారు. ఆ వర్గపు కాండము సన్ననిది. ఇతర మొక్కలపై ఒరిగి ప్రాకెడిది. లోపల బోలు లేదు, నడుమ ముక్కోణపు దారువు ఉన్నది. మన పాఠములలో కాలమైటిస్‌కు ఒక పుట ఇచ్చి, ఈ రెంటికి ఒక పంక్తి కూడ ఇవ్వకుండుట న్యాయము కాదు. మన రాళ్లలో దొరకునవి ఇవే గదా.

ఐదవదియు, చివరిదియు ఐన లోపము బొమ్మలోనిది కాదు, దాని క్రింద వ్రాయు వాక్యములోనిది. నాటి మహావృక్షము క్రమముగా క్షీణించి నేటి చిన్న ఈక్విసిటమ్ ఐనదని పలువురు వ్రాయుదురు. రాజులు చితికి కూలీలైన కథవలె ఇది వినుటకు బాగుండును. కాని కట్టె గట్టిపడి లావెక్కు కాలమైటిస్ కుటుంబము ఒక శాఖ. కట్టె లేని ఈక్విసిటమ్ కుటుంబము మరొక శాఖ. నేటి పరిశోధకులు పలువురు వీటిని అన్నదమ్ముల సంతతిగా భావించుచున్నారు. అర్జెంటీనాలోని పటగోనియాలో వేడినీటి ఊటల ప్రక్క రాయిగా మారిన ఈక్విసిటమ్ థెర్మాలె అను మొక్కను 2011లో వర్ణించినారు. సుమారు 15 కోట్ల సంవత్సరముల నాటిదైనను, దాని లోపలి నిర్మాణము నేటి మొక్కను ఎంతో పోలియున్నది. చిన్నమొక్క అంత పూర్వమే చిన్నమొక్కగా స్థిరపడినది. పెద్దన్న వంశము అంతరించినది. తమ్ముని వంశము తన పద్ధతిలో నిలిచినది. దీనిని క్షీణతయని ఎట్లు చెప్పగలము?

ఇన్ని లోపములున్నవి గదా, ఈ బొమ్మను తీసివేయవలెనా అని అడుగవచ్చును. తీసివేయనక్కరలేదు. సరిదిద్దినచో చాలును. నా సూచనలు ఇవి. మ్రానును నున్నగా గీచి, ప్రక్కన మ్రాను అడ్డుకోత గీచి, దవ్వ బోలులోని అచ్చును వేరుగా చూపవలెను. శిలాజముగా దొరకిన భాగములను నిండు గీతతోను, ఊహించిన కలయికలను చుక్కల గీతతోను గీయవలెను. బొమ్మ క్రింద దేశము, యుగము తప్పక వ్రాయవలెను. దాని ప్రక్కనే గోదావరి లోయ అడవిని, గ్లాసాప్టెరిస్‌తో వేరు పటముగా చూపి, గోండ్వానాలోని గుర్రపుతోకల చుట్టములుగా షైజోన్యూరా, ట్రైజైగియాలను ప్రక్కన గీయవలెను. పరీక్షలో పటము గీయుమనుటతో పాటు, అచ్చును చూచి చెట్టు పైభాగమును ఏల తెలిసికొనలేము అని కూడ అడుగవలెను.

పుస్తకములు మారునంతవరకు వేచియుండ నక్కరలేదు. బంకమట్టికి, బొప్పాయి కాడకు ఖర్చులేదు. గనులున్న జిల్లాలలోని ఉపాధ్యాయులు విద్యార్థులు తెచ్చిన ప్రతి రాతిముద్రను, దొరకిన చోటు వ్రాసి, పాఠశాలలో భద్రపరచవలెను. అట్టి రాళ్లు పది చేరిన పిదప కాలమైటిస్ పాఠము చెప్పినచో, పుస్తకములోని బొమ్మను ఎంతవరకు నమ్మవలెనో విద్యార్థులే అడుగుదురు.